ముందు ముక్క, వెనుక ముక్క: ఇంగ్లీషు మాటలను విడదీసి చదువుడు

 

ఇంగ్లీషు పుస్తకం తెరిస్తే మనల్ని భయపెట్టేవి పొడుగు మాటలు. స్టడీ అవర్‌లో చాలామంది వాటిని ఒక్కొక్కటిగా బట్టీ పడుతుంటరు. రాత్రి పది మాటలు బట్టీ పడితే తెల్లారి ప్రేయర్ కాడికి నాలుగే మిగులుతయి. కాని ఆ పొడుగు మాటల్లో చాలావరకు రెండు మూడు చిన్న ముక్కలు కలిసి ఏర్పడినవే. ముక్కలు విడదీయడం వస్తే మాట దానంతట అదే అర్థం చెపుతుంది. ఇరవై ముక్కలు నేర్చుకుంటే వందల మాటలు చేతికి వస్తయి.

ఇది మార్కుల కోసం మాత్రమే కాదు. రేపు మన ఇంటికి ఇంగ్లీషులో ఒక నోటీసు వస్తది. అమ్మానాయిన దాన్ని మన చేతికే ఇచ్చి చదవమంటరు. అందులో రెండు అక్షరాల ముక్క ఒకటి ఉన్నదా లేదా అన్నదాని మీదనే అది మంచి కబురో చెడ్డ కబురో తేలుతుంది. లీగల్ అంటే చట్టం ఒప్పుకున్నది. ఇల్లీగల్ అంటే చట్టం ఒప్పుకోనిది. ఎలిజిబుల్ అంటే అర్హత ఉన్నవారు. ఇన్ఎలిజిబుల్ అంటే అర్హత లేనివారు. తేడా ఎంత? రెండే అక్షరాలు!

1. ఇది మనకు కొత్త విషయం కాదు

తెలుగు వ్యాకరణంలో ఉపసర్గలు చదివినం. సంస్కృతం నుండి వచ్చిన ఉపసర్గలు 22. ‘హారం’ అనే మాటకు ముందు ‘ఆ’ చేరితే ఆహారం, అంటే తిండి. ‘వి’ చేరితే విహారం, అంటే సంతోషంగా తిరుగుడు. ‘సం’ చేరితే సంహారం, అంటే చంపుడు. ‘పరి’ చేరితే పరిహారం, అంటే జరిగిన నష్టానికి బదులుగా ఇచ్చేది. మెస్సులో ఆహారం అనబోయి సంహారం అంటే ఎట్లుంటదో చూడండి!

తెలుగులో వెనుక చేరే ముక్కలు కూడా ఉన్నయి. మంచి నుండి మంచితనం, నేర్పు నుండి నేర్పరి, విలువ నుండి విలువలేని. లంబాడీ భాషలో ఛోరా అంటే పిల్లగాడు, ఛోరీ అంటే పిల్ల. మాట చివర మారితే అర్థం మారుతుంది. ఇంట్లో రోజూ చేసే పనినే ఇంగ్లీషులో చేయాలి, అంతే.

ట్రాక్టరును గుర్తు పెట్టుకోండి. ఇంజను ఒక్కటే. వెనుక నాగలి తగిలిస్తే దున్నుతుంది, ట్రాలీ తగిలిస్తే బస్తాలు మోస్తుంది. ముందు బ్లేడు తగిలిస్తే మట్టి చదును చేస్తుంది. అట్లనే ఇంగ్లీషు మాటలో నడుమ ఉండే అసలు మాట రూట్, అంటే వేరు. ముందు తగిలేది ప్రీఫిక్స్. వెనుక తగిలేది సఫిక్స్. ప్రీఫిక్స్ అన్న పేరే రెండు ముక్కలు: ప్రీ అంటే ముందు, ఫిక్స్ అంటే బిగించు.

పెద్ద సూత్రం ఇది: ముందు ముక్క ఎక్కువగా అర్థాన్ని మారుస్తుంది. వెనుక ముక్క ఎక్కువగా ఆ మాట చేసే పనిని మారుస్తుంది.

2. ముందు చేరే ముక్కలు

అన్: కాదు, లేదు అని చెపుతుంది. హ్యాపీ అంటే సంతోషం ఉన్న, అన్‌హ్యాపీ అంటే సంతోషం లేని. క్రియకు ముందు వస్తే చేసిన పనిని తిప్పేస్తుంది. లాక్ అంటే తాళం వేయి, అన్‌లాక్ అంటే తాళం తీయి. సిద్దిపేటకు 2023 అక్టోబరులో రైలు వచ్చింది. రైలు డబ్బా మీద అన్‌రిజర్వ్‌డ్ అని ఉంటే ముందుగా సీటు ఖాయం చేసుకోనివాళ్లు ఎక్కే డబ్బా అన్నమాట.

రీ: మళ్లీ. రైట్ అంటే రాయి, రీరైట్ అంటే మళ్లీ రాయి. ఫిల్ అంటే నింపు, రీఫిల్ అంటే మళ్లీ నింపు. మన బాల్‌పెన్నులో వేసే రీఫిల్ ఈ మాటే.

మిస్: తప్పుగా. యూజ్ అంటే వాడు, మిస్‌యూజ్ అంటే తప్పు పనికి వాడు. స్పెల్లింగ్ తప్పు రాస్తే మిస్‌స్పెల్.

ప్రీ: ముందు. పోస్ట్: తర్వాత. స్కాలర్‌షిప్పుల్లో ప్రీమెట్రిక్, పోస్ట్‌మెట్రిక్ అని రెండు రకాలున్నయి. మెట్రిక్ అంటే పదో తరగతి. ప్రీమెట్రిక్ పదో తరగతి పూర్తికాక ముందు చదువులకు, పోస్ట్‌మెట్రిక్ తర్వాత చదువులకు. ఫారం నింపేటప్పుడు ఈ తేడా తెలియకపోతే తప్పు ఫారం నింపి ఏడాది పోగొట్టుకునే ప్రమాదం ఉంది. ఇంకొక తమాషా. పోస్ట్‌పోన్ అంటే తేదీ వెనక్కి జరుపుట. దాని లాగానే మన దేశంలో ప్రీపోన్ అనే మాట బాగా వాడుకలో ఉన్నది, అంటే తేదీ ముందుకు జరుపుట. ఇప్పుడు అది పెద్ద నిఘంటువుల్లోకి కూడా ఎక్కింది. ముక్కలు తెలిస్తే కొత్త మాటలు పుట్టించవచ్చు అనడానికి ఈ మాటే సాక్షి.

యాంటీ: వ్యతిరేకం. పాము కరిస్తే ఆసుపత్రిలో ఇచ్చేది యాంటీవీనమ్. వీనమ్ అంటే విషం, యాంటీవీనమ్ అంటే విషానికి విరుగుడు.

ఓవర్: ఎక్కువ. అండర్: తక్కువ. హెల్త్ చెకప్‌లో అండర్‌వెయిట్ అని రాస్తే ఉండవలసిన బరువు కంటే తక్కువ ఉన్నరని. ఆటో ఓవర్‌లోడ్ అంటే మోయగలిగిన దానికంటే ఎక్కువ ఎక్కించినరని.

3. ‘ఇన్’ వేషాలు

‘ఇన్’ కూడా కాదు, లేదు అనే చెపుతుంది. కరెక్ట్ అంటే సరైనది, ఇన్‌కరెక్ట్ అంటే సరికానిది. కాని ఇది ఒక్క వేషంలో ఉండదు. తర్వాత వచ్చే అక్షరాన్ని బట్టి మారుతుంది.

ఎల్ ముందు ఇల్: లీగల్, ఇల్లీగల్. లిటరేట్, ఇల్లిటరేట్.
ఆర్ ముందు ఇర్: రెగ్యులర్, ఇర్రెగ్యులర్.
ఎం, పి, బి ముందు ఇమ్: పాసిబుల్, ఇంపాసిబుల్. మెచ్యూర్, ఇమ్మెచ్యూర్.

ఎందుకిట్ల? నోటితో ‘ఇన్‌పాసిబుల్’ అని గబగబా పదిసార్లు అని చూడండి. ‘ప’ పలకాలంటే పెదాలు మూయాలి. అందుకని ‘న్’ దానంతట అదే ‘మ్’ అయితది. మన సంధులు కూడా ఇందుకే పుట్టినయి. జగత్, నాథ కలిస్తే జగన్నాథ. సత్, జన కలిస్తే సజ్జన. నోటి సుఖం అన్ని భాషలకూ ఒక్కటే.

4. ఒక చిన్న ముక్క వెనుక పెద్ద చరిత్ర

ఇప్పుడు ‘డి’ అనే ముక్క. ఇది తీసివేయుట అని చెపుతుంది. మనకు బడిలో ఆల్బెండజోల్ గోళీ వేస్తరు గదా, ఆ రోజు పేరు డివర్మింగ్ డే. వర్మ్ అంటే పురుగు. డి అంటే తీసివేయుట. చివర ఇంగ్ చేరింది. మొత్తం కలిపితే కడుపులో నులిపురుగులు పోగొట్టుట.

ఇదే ‘డి’ మన దేశంలో లక్షలమంది గిరిజనుల, సంచార జాతుల బతుకులో ఇంకొక మాటకు ముందు చేరింది. నోటిఫై అంటే ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించుట. 1871లో ఇంగ్లీషు ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం చేసింది. ఆ చట్టం కింద ఒక జాతిని నోటిఫై చేస్తే, ఆ జాతిలో పుట్టినవాళ్ల మీద ఏ నేరం చేయకున్నా అనుమానమే. రిజిస్టరులో పేరు, పోలీసు దగ్గర హాజరు, ఊరు దాటాలంటే అనుమతి. 1911 చట్టంతో ఇది మద్రాసు రాష్ట్రానికి కూడా వచ్చింది. అక్కడి తెలుగు జిల్లాల్లో ఎరుకలవాళ్లను, సుగాలీలను ఆ పట్టికలో పెట్టినరు. ఇప్పటి బాపట్ల జిల్లాలోని స్టూవర్టుపురం 1913లో ఎరుకల కుటుంబాల కోసం ఈ చట్టం కిందనే ఏర్పడిన సెటిల్‌మెంట్.

స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత 1952 ఆగస్టు 31న దేశమంతటికీ ఆ చట్టం రద్దయింది. అప్పటి నుండి ఆ జాతులను డినోటిఫైడ్ అంటున్నరు. డి అంటే తీసివేసిన. నోటిఫైడ్ అంటే పట్టికలో ప్రకటించిన. ఆ పట్టిక నుండి తీసివేసిన జాతులు అన్నమాట. తెలుగులో విముక్త జాతులు అంటరు. అందులో ‘వి’ కూడా ఉపసర్గే! ఆగస్టు 31న విముక్త దినం జరుపుకుంటరు.

షెడ్యూల్డ్ ట్రైబ్ అన్న మాట కూడా విడదీయండి. షెడ్యూల్ అంటే పట్టిక. చివర ‘డ్’ చేరితే పట్టికలో చేర్చిన. రాజ్యాంగం 342వ అధికరణం కింద తయారైన పట్టిక ఇది. ఆంధ్ర ప్రాంతంలో లంబాడీలు, ఎరుకలవాళ్లు ఇందులో ముందే ఉన్నరు. తెలంగాణలో మాత్రం 1976 సవరణ చట్టంతోనే చేరినరు. రెండూ పట్టికలే. ఒక పట్టిక పుట్టుకను నేరం చేసింది. ఇంకొక పట్టిక చదువుకునే హక్కు ఇచ్చింది. సర్టిఫికెట్ మీద ఆ మాట చూసినప్పుడు దాని చివరి ‘డ్’ ఎక్కడి నుండి వచ్చిందో మనకు తెలిసి ఉండాలి.

5. వెనుక చేరే ముక్కలు

వెనుక ముక్క మాట చేసే పనిని మారుస్తది అని చెప్పుకున్నం. టీచ్ అంటే నేర్పు, ఇది క్రియ. టీచర్ అంటే నేర్పేవారు, ఇది నామవాచకం. కైండ్ అంటే దయగల, ఇది విశేషణం. కైండ్‌నెస్ అంటే దయ, ఇది నామవాచకం. కైండ్లీ అంటే దయతో, ఇది క్రియా విశేషణం.

ఫుల్ అంటే నిండిన, లెస్ అంటే లేని. ఈ రెండూ అర్థాన్ని కూడా మారుస్తయి. కేర్‌ఫుల్ అంటే జాగ్రత్తగల, కేర్‌లెస్ అంటే జాగ్రత్త లేని. పురుగుల మందు డబ్బా మీద హార్మ్‌ఫుల్ అని ఉంటే హాని చేసేది. హార్మ్‌లెస్ అంటే హాని చేయనిది. చివరి ముక్క చదవకుండా డబ్బా మూత తీయవద్దు.

ఎర్, ఈ: ఈ రెండూ జంట. ఎంప్లాయర్ అంటే పని ఇచ్చేవారు, ఎంప్లాయీ అంటే పని పొందేవారు. ట్రెయినర్ శిక్షణ ఇచ్చేవారు, ట్రెయినీ శిక్షణ పొందేవారు. బ్యాంకు చెక్కు మీద పేయీ అంటే డబ్బు ఎవరికి ముట్టాలో వారి పేరు. పాస్‌బుక్కు ఫారంలో నామినీ అంటే మన తర్వాత ఆ డబ్బు తీసుకోవడానికి మనం పేరు రాసినవారు. నామినీ గడిలో మన పేరు మనమే రాసుకుంటే ఆ గడి ఉన్నా లేనట్టే!

షిప్: స్కాలర్‌షిప్, ఫ్రెండ్‌షిప్, లీడర్‌షిప్. ఇక్కడ షిప్పు ఓడ కాదు. స్థితి, హోదా అని అర్థం.

గేట్ల మీద బోర్డులు కూడా చదవండి. మన గిరిజన గురుకులాల సొసైటీ పేరు ఇది: తెలంగాణ ట్రైబల్ వెల్ఫేర్ రెసిడెన్షియల్ ఎడ్యుకేషనల్ ఇన్‌స్టిట్యూషన్స్ సొసైటీ. నోరు తిరగని పేరు. విడదీస్తే సులువు. ట్రైబ్ నుండి ట్రైబల్. రిసైడ్ అంటే నివసించు, నివసించేవారు రెసిడెంట్, నివాసానికి సంబంధించినది రెసిడెన్షియల్. ఎడ్యుకేట్ అంటే చదివించు, చదువు ఎడ్యుకేషన్, చదువుకు సంబంధించినది ఎడ్యుకేషనల్. చివరన వచ్చే ‘అల్’ మూడుసార్లూ ఒక్కటే చెపుతుంది: దానికి సంబంధించిన.

6. ఒక్క వేరు, నాలుగు బతుకులు

ప్లేస్ అంటే చోటు. రీప్లేస్ అంటే ఒకదాని చోట ఇంకొకటి పెట్టు. మిస్‌ప్లేస్ అంటే పెట్టకూడని చోట పెట్టి పోగొట్టు. డిస్‌ప్లేస్ అంటే ఉన్న చోటు నుండి కదిలించు. ప్లేస్‌మెంట్ అంటే ఒక చోట కుదుర్చుట.

మన జిల్లాలో మల్లన్నసాగర్ జలాశయం కట్టినరు. 50 టీఎంసీల నీళ్లు పట్టే ఈ జలాశయాన్ని 2022 ఫిబ్రవరిలో ప్రారంభించినరు. వేములఘాట్, ఏటిగడ్డ కిష్టాపూర్ లాంటి ఊళ్లు అందులో మునిగినయి. ఆ ఊళ్లవాళ్లు డిస్‌ప్లేస్డ్ కుటుంబాలు. గజ్వేల్ దగ్గర వాళ్లకు కట్టిన కాలనీని అందరూ ఆర్ అండ్ ఆర్ కాలనీ అంటరు. రెండు ఆర్‌లు ఏమిటో చాలామందికి తెలియదు. ఒకటి రీహాబిలిటేషన్, ఇంకొకటి రీసెటిల్‌మెంట్. రెండింటి ముందూ ‘రీ’ ఉన్నది, మళ్లీ అని. సెటిల్ అంటే స్థిరపడు, రీసెటిల్‌మెంట్ అంటే మళ్లీ స్థిరపడేటట్టు చేయుట, అంటే ఇల్లు, స్థలం. రీహాబిలిటేషన్ అంటే మళ్లీ బతుకు నిలబెట్టుట, అంటే జీవనోపాధి. 2013లో వచ్చిన భూసేకరణ చట్టం పూర్తి పేరులోనే ఈ రెండు మాటలూ ఉన్నయి. ‘డిస్’ అని ఉన్నచోట ‘రీ’ కూడా ఉండాలని ఆ చట్టం చెపుతుంది. మాట విడదీసి చదవగలిగినవాడు రావలసినవి ఒకటి కాదు, రెండు అని తెలుసుకుంటడు. చదవలేనివాడు ఒకటి చేతికి రాగానే అయిపోయింది అనుకుంటడు.

7. మోసం చేసే మాటలు

ముక్కలు విడదీసేటప్పుడు జాగ్రత్త. నడుమ మిగిలినది నిజంగా మాటేనా అని చూడాలి.

యూనిఫాంలో ఉన్నది ‘అన్’ కాదు, ‘యూని’. యూని అంటే ఒకటి, ఫాం అంటే రూపం. అందరికీ ఒకే రూపం కనుక యూనిఫాం. అంకుల్‌లో ‘అన్’ తీసేస్తే ఏమీ మిగలదు, కనుక అక్కడ ప్రీఫిక్స్ లేదు.

రాజీవ్ రహదారి మీద పోయే పెట్రోలు ట్యాంకర్ల మీద ఇన్‌ఫ్లేమబుల్ అని రాసి ఉంటది. ‘ఇన్’ అంటే కాదు అని నేర్చుకున్నం గదా, అంటుకోనిది అనుకుంటే ప్రాణాలకే ముప్పు! ఇక్కడి ‘ఇన్’ వేరు. ఇన్‌ఫ్లేమ్ అంటే మంట పెట్టు. ఇన్‌ఫ్లేమబుల్ అంటే తొందరగా అంటుకునేది. ఈ పొరపాటు జరగకూడదనే చాలాచోట్ల ఇప్పుడు ఫ్లేమబుల్ అని మాత్రమే రాస్తున్నరు. రెండింటికీ అర్థం ఒక్కటే. అంటుకోనిది నాన్‌ఫ్లేమబుల్.

ప్రైస్‌లెస్ అంటే విలువ లేనిది కాదు, వెల కట్టలేనంత గొప్పది. పనికిరానిది వర్త్‌లెస్.

వంట చేసే అన్న కుక్. కుక్కర్ అంటే ఆయన వండే గిన్నె! ఆయనను కుక్కర్ అని పిలిస్తే ఆ పూట చారు పలుచబడవచ్చు.

హార్డ్ అంటే కష్టపడి. హార్డ్లీ అంటే దాదాపు లేదు. ఉద్యోగం దరఖాస్తులో ‘ఐ వర్క్ హార్డ్’ అని రాయాలి. ‘ఐ హార్డ్లీ వర్క్’ అని రాస్తే నేను పని చేసుడు తక్కువ అని మనమే ఒప్పుకున్నట్టు.

8. స్పెల్లింగ్ సూత్రాలు

ఒకటి: ముందు ముక్క చేరితే అసలు మాట అక్షరాలు మారవు. మిస్, స్పెల్ కలిస్తే రెండు ఎస్‌లు రావాలి. అన్, నెసెసరీ కలిస్తే రెండు ఎన్‌లు. డిస్, అప్పియర్ కలిస్తే ఎస్ ఒక్కటే, పి మాత్రం డబుల్.

రెండు: విడిగా ఫుల్ రాస్తే డబుల్ ఎల్. మాట చివర చేరితే ఒక్క ఎల్. బ్యూటిఫుల్, యూజ్‌ఫుల్ అన్నీ ఇంతే. కేర్‌ఫుల్‌కు ‘లీ’ చేరితే మళ్లీ రెండు ఎల్‌లు వస్తయి.

మూడు: చివర వై ఉండి, దాని ముందు హల్లు ఉంటే వై పోయి ఐ వస్తది. హ్యాపీ నుండి హ్యాపీనెస్, బ్యూటీ నుండి బ్యూటిఫుల్.

నాలుగు: చివర పలకని ఇ ఉంటే, అచ్చుతో మొదలయ్యే ముక్క చేరినప్పుడు ఎక్కువగా ఇ పోతుంది. రైట్, ఇంగ్ కలిస్తే రైటింగ్. హల్లుతో మొదలయ్యేది చేరితే ఎక్కువగా ఇ ఉంటుంది. కేర్‌లెస్, హోప్‌ఫుల్.

9. రోజూ చేయవలసిన పని

కొత్త మాట కనపడితే మూడు ప్రశ్నలు వేయండి. నడుమ ఉన్న అసలు మాట ఏది? ముందు ఏమి చేరింది? వెనుక ఏమి చేరింది? తర్వాత వాక్యంలో పెట్టి చదివి, ఆ అర్థం కుదిరిందా చూడండి. కుదరకపోతే డిక్షనరీ తీయండి. నోటుబుక్కులో ఒక పేజీకి ఒక వేరు రాసి, దాని పిల్లలన్నింటినీ కింద రాయండి.

అభ్యాసం. ఈ మాటలు విడదీసి అర్థం చెప్పండి:
1. అన్‌బ్రేకబుల్ 2. రీయూజబుల్ 3. అన్‌ఎంప్లాయ్‌మెంట్ 4. డిస్అగ్రీమెంట్ 5. ఇర్రెగ్యులర్లీ

జవాబులు: 1. అన్, బ్రేక్, ఏబుల్: పగలగొట్టలేనిది. 2. రీ, యూజ్, ఏబుల్: మళ్లీ వాడదగినది. 3. అన్, ఎంప్లాయ్, మెంట్: పని లేకపోవుట. 4. డిస్, అగ్రీ, మెంట్: ఒప్పుకోకపోవుట. 5. ఇర్, రెగ్యులర్, లీ: క్రమం తప్పి.

ఈ వ్యాసం పక్కన ఒక తెల్ల కాగితం అంటించినం. ఆదివారం ఇంటివాళ్లు వచ్చినప్పుడు వాళ్ల దగ్గరున్న మందుల చీటీ, బ్యాంకు కాగితం, నోటీసు ఏదైనా ఉంటే చదివి చూడండి. అందులో అర్థం కాని పొడుగు మాట దొరికితే దాన్ని మాత్రమే తెచ్చి ఆ కాగితం మీద రాయండి. స్టడీ అవర్‌లో అందరం కలిసి విడదీద్దాం. ఆ మాట అర్థం వచ్చే ఆదివారం ఇంటివాళ్లకు మీరే చెప్పాలి.